మెట్టుగూడ ఎండలో ఆరిన పడవ

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నం మెట్టుగూడంతా కునుకు తీసే వేళ, మా క్వార్టర్ ముందున్న పడవ 'టప్... టప్'మనేది. లోపల ఎవరో కూర్చుని మెటికలు విరుచుకుంటున్నట్టు...

అవును, పడవే. సముద్రం లేని సికింద్రాబాదులో. తెరచాప, దాని కొయ్య, లోపల ఇద్దరు పడుకునేంత చిన్న గది ఉన్న పాత చెక్క పడవ.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. మాది భీమిలి దగ్గర తెప్పల మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. పట్నం వచ్చాక కూడా నాన్న ఆదివారాలు ట్యాంక్‌బండ్ మీద కూర్చుని, దూరంగా తిరిగే తెరచాపలు చూసి వచ్చేవాడు. తనకూ ఒకటి ఉండాలని, దానిలో మా ఊరి నీళ్ళ మీద తిరగాలని ఆశ.

సైనిక్‌పురిలో, నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చనిపోయారు. ఆయన పడవ తోటలో ఉందని తెలిసి, బోనస్ రాగానే నాన్న కొనేశాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. పడవ నిండా తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి.

"మావారు రోజూ వీటిని తడిపేవారు బాబూ. ఎందుకో నాకు తెలీదు. ఆయన పోయినా నేను మానలేదు" అంది ఆయన భార్య.

నాన్న ఆవిడ ముందు తలూపాడు. గేటు దాటాక మాత్రం, "బంగారం లాంటి కర్రని తడిపి తడిపి పాడు సేసేసినారు" అన్నాడు.

పక్కింటి యాదగిరి మామ తన లారీలో పడవను తెచ్చి దించాడు. "ఏందన్నా, గల్లీల ఓడ పెడితివి! వాన గట్టిగ పడితే మమ్మల్ని సుత ఎక్కించుకో జెర."

"టిక్కెట్టు కొనుక్కో మరి" అని నాన్న నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. "గుమ్మం ముందర పాడె దించినట్టుంది" అంది.

తెప్పంటే కొన్ని దుంగలు కలిపి కట్టినది. సందుల్లోంచి నీళ్ళు వస్తాయి, పోతాయి. అది మునగదు. వేట నుంచి రాగానే ఒడ్డుకు లాగి ఎండబెడతారు... ఆరిన దుంగ తేలిక కదా. మా వాళ్ళకు తెలిసిందల్లా అదే. అందుకే నాయనమ్మ భీమిలి నుంచి వచ్చిన రోజే గోనెసంచులన్నీ లాగి పడేసింది.

"బాగా ఆరనీరా. రెండేసంగులు ఎండితే దూదిలాగ తేల్తాది."

అలా రెండు ఎండాకాలాలు ఎండింది. నాన్న డ్యూటీ నుంచి రాగానే వేళ్ళతో కొట్టి చూసేవాడు. చెక్క గుల్లగా మోగితే ఆయన మొహం వెలిగిపోయేది.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. పడవలోని గది నాకిచ్చేశారు, చదువుకోమని. మొదట్లో లోపల చీకటిగా ఉండేది. ఒకరోజు నా పుస్తకం మీద సన్నగా ఒక ఎండ గీత పడింది... దారప్పోగంత. తర్వాతి ఎండాకాలానికి గోడల నిండా గీతలే. నా ఒళ్ళంతా చారలు.

"నాన్నా, లోపల ఎండ గీతలు పడుతున్నాయి!"

"ఆరతందమ్మా... తేలికైపోతంది" అన్నాడు సంబరంగా.

బయట మళ్ళీ 'టప్'మంది.

సెలవులు అయిపోయేలోగా యాదగిరి మామ లారీలోనే పడవను భీమిలి తీసుకెళ్ళాం. ఏరు సముద్రంలో కలిసే చోట నాయనమ్మ పడవకు పసుపు, కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది.

"ముందు నా కూతురే ఎక్కాల" అన్నాడు నాన్న.

అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"కర్ర ములిగిపోద్దేటే, పిచ్చిదానా?" అన్నాడు నాన్న.

అమ్మ వదిలేసింది.

నా వెనకే నాన్న ఎక్కాడు. తెరచాప గాలి పట్టింది. ఒడ్డున మావాళ్ళంతా ఈలలు. నేను అలవాటుగా నా గదిలోకి దిగాను... పై గీతల్లో ఎండ ఉంది. కింది గీతలు మాత్రం నల్లగా ఉన్నాయి. వెలుతురు వచ్చిన చోటు నుంచే నీళ్ళు, చప్పుడు లేకుండా జారుతున్నాయి.

"నాన్నా, కాళ్ళు తడుస్తున్నాయి..."

"తెప్ప మీద తడవవేటమ్మా?" తెరచాప తాడు పట్టుకున్న మనిషి వెనక్కి కూడా తిరగలేదు.

చూస్తుండగానే ఇంకో గీత నల్లబడింది. ఆపైన ఇంకొకటి. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. నేను అరిచాను. నాన్న అప్పుడు వంగి చూశాడు... ఆ మొహం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఒరగకుండా ఉండటానికి ఆ పడవ అడుగున సీసపు దిమ్మ ఉంటుంది. తెప్పలకు అలాంటివి ఉండవు. నీళ్ళు నిండాక ఆ బరువే పడవను కిందికి లాగింది. నాన్న నన్ను జబ్బ పట్టి బయటికి లాగి, వీపు మీద వేసుకుని ఈదాడు. ఒక తెప్ప వాళ్ళు వచ్చి ఎక్కించుకున్నారు. నేను వెనక్కి చూసేసరికి తెరచాప కొయ్య కొస ఒక్కటే కనిపించింది... తర్వాత అదీ లేదు.

తిరుగు రైల్లో నాన్న అన్నాడు... "ఆవిడ సెప్పిందే... గోనెలు తడిపేవోరని."

తడి ఉంటే చెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎండితే విడిపోతాయి. ఆ సంగతి ఆయనకు నీళ్ళలో తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం, పడవ లేని ఆ ఖాళీ నేల మీద నాన్న గోనెసంచులు పరిచి పొద్దున్నే తడిపేవాడు. యాదగిరి మామ చూసేవాడు. ఒక్క జోకూ వేసేవాడు కాదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు కూల్చేశారు. మేం ఫ్లాట్‌లో ఉంటున్నాం... చెక్క తలుపులు తక్కువ, అద్దాలు ఎక్కువ. అయినా మధ్యాహ్నం కర్టెన్ సందులోంచి నేల మీద ఎండ గీత పడితే, నా కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. నాన్న చూస్తాడు. లేచి కర్టెన్ సందు మూసేస్తాడు.

మీ ఇంట్లోనూ... అందరూ సంబరంగా తెచ్చుకుని, తర్వాత ఎవరూ పేరెత్తని వస్తువు ఏదైనా ఉందా? ఉంటే రాయండి. నాన్నకు చదివి వినిపిస్తాను...