బాపు దగ్గులో పడ్డ రాయి

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే తుంచుకుంటూనే వినండి.

తొంభైల్లో మేము పాల్మాకులలో ఉండేవాళ్లం. మా బాపుకు, అంటే నాన్నకు, రెండేళ్లుగా దగ్గు. సీసాలకు సీసాలు దగ్గుమందు తాగాడు, బీడీ మానేశాడు. తగ్గలేదు. ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ దగ్గీ దగ్గీ ఉమ్మితే, బండమీద టిక్కుమంది. చూస్తే బియ్యపు గింజంత తెల్లరాయి.

నేను దాన్ని అరచేతిలో పెట్టుకుని వాడంతా చూపించాను. ఆ తప్పు నాదే.

"నోట్లకెళ్లి రాయి పడ్డదంటే బాణామతే" అందొకామె. చేతబడి అనగానే అందరి కళ్లూ పక్కింటి అవ్వ గడప వైపు తిరిగాయి. అవ్వ ఒంటరిది. రోజూ బాపుకు మిరియాల కషాయం కాచి ఇచ్చేది ఆమే.

"కషాయంల ఏం కలిపినవే?" అంటూ మగవాళ్లు ఆమె వాకిట్లో నిలబడ్డారు. "నోట్ల పండ్లు రాలగొడితే మంత్రం బందైతది" అన్నాడొకడు.

అవ్వ నన్నే చూసింది. "బిడ్డా, నువ్వన్న చెప్పరాదే!"

నేను రాయిని పిడికిట్లో దాచుకుని వెనక్కి జరిగాను. బాపే వచ్చి ఆమె గడపకు అడ్డంగా కూర్చున్నాడు. "దగ్గు నాది, రాయి నాది. మీకేంది పరేషాన్? దవాఖానకు పోయొచ్చేదాక అవ్వను ముడితే ఊకోను."

రాయిని కొంగున కట్టుకుని బాపుతో పట్నం బస్సెక్కాను. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, గొంతులోంచి సన్నని గొట్టం వేసి ఇంకో ముక్క బయటికి తీసింది.

"ఇది ఎవరూ పెట్టింది కాదమ్మా. ఎప్పుడో క్షయ వచ్చి మానినప్పుడు, ఊపిరి గొట్టం పక్కన ఉండే గ్రంథి సున్నం పట్టి గట్టిపడింది. అదే గొట్టంలోకి తొలుచుకొచ్చింది. చాలా అరుదు, నేనే రెండోసారి చూడటం."

పెళ్లికి ముందు నెలల తరబడి జ్వరంతో పడుకున్న సంగతి బాపుకు అప్పుడు గుర్తొచ్చింది. "అయితే గిన్నేండ్లు నా ఛాతిల కిరాయి ఇయ్యకుండ ఉన్నదన్నట్టు!" అన్నాడు.

ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి రెండు రాళ్లూ చూపించి చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు, "డాక్టర్లకు బాణామతి ఏం తెలుస్తది?" అన్నారు. బాపు వాళ్లతో వాదించలేదు. రోజూ పొద్దున్నే, అందరూ చూస్తుండగా, అవ్వ గడపమీద కూర్చుని కషాయం అడిగి తాగాడు. దగ్గు మళ్లీ రాలేదు. నెల తిరిగేసరికి ఆ మాటెత్తేవాళ్లు లేరు.

మగవాళ్లెవరూ అవ్వకు తప్పయిందని చెప్పలేదు. నేను చెప్పాను. అవ్వ నా చెవి మెలిపెట్టి, "ఇంకోపారి ఏమన్న దొరికితే ఊరికి సూపెట్టేముందు నాకు సూపెట్టు" అంది.

మీ ఇంట ఏ దగ్గూ నిలవకుండుగాక. మీ గడప పక్క గడపకు ఎప్పుడూ తోడుండుగాక.