వెనక వరసలో మిరప కుండీ

"ఆ మోటారు ఆపింది నేనే తమ్ముడూ. మా ఆయనకి మాత్రం చెప్పకు," అంది కుండీలక్క, మోచేతిని దిండు మీద పెట్టుకుంటూ.

"ఏ మోటారక్కా?" అన్నాడు ల్యాబు నుంచి రక్తం తీసుకోవడానికి వచ్చినాయన. రబ్బరు పట్టీ చేతికి కట్టి, నరం కోసం వేలితో వెతుకుతున్నాడు.

"బాల్కనీలో ఉందే, అది. మొన్నటిదాకా రాత్రీ పగలూ గుడగుడమనేది. ఇప్పుడు చూడు, కొత్తల్లుడిలా ఎంత బుద్ధిగా కూర్చుందో. పిడికిలి బిగించనా?"

"బిగించండి. చెప్పండి, వింటున్నాను."

అతను నిజంగానే వింటాడు. నలభై దాటిన మనిషి. స్కూటరు మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం పట్టుకెళ్ళడం అతని ఉద్యోగం. మిగతా ఇళ్ళలో అయిదు నిమిషాల్లో తేలిపోయే పని, పదిహేను రోజులకోసారి ఈ మూడో అంతస్తు వాటాలో మాత్రం అరగంట పడుతుంది. సీసాలు ఐసు పెట్టెలో సర్దేసి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చుంటాడు. ఆమె చెబుతుంది, అతను అడుగుతాడు. ఆమె బతుకు అతనికి అలా వాయిదాల మీద తెలిసింది.

కుండీలక్క అన్న పేరు ఆమెకి నర్సరీలో పడింది. మొక్కలు పెంచి అమ్మే ఆ తోటలో ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. వేల కుండీలు. ఏ కుండీకి నీళ్ళు కావాలో, దేనికి అక్కర్లేదో చూపుడువేలి కణుపుతో తట్టి చెప్పేది. మట్టి కుండీ లోపల ఎండిపోయి ఉంటే ఖణేల్మంటుంది. తడి ఉంటే నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు మెత్తగా పలుకుతుంది. వరస పొడుగునా టకటకా తట్టుకుంటూ పోయేది, వెనకాల పైపు పట్టుకున్న మనిషికి "ఇది పొయ్యి, ఇది వదిలెయ్యి" అని చెబుతూ. ఆ కణుపు మీద ఇప్పటికీ కందిగింజంత కాయ ఉంది.

రెండేళ్ళ క్రితం ఆమె కిడ్నీలు రెండూ ఒకదాని వెంట ఒకటి మొరాయించాయి. చివరికి సొంత అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మందుల చీటీ రాసి, కళ్ళద్దాలు తీసి, ఒక్క మాట చెప్పాడు. "మట్టి జోలికి వెళ్ళకండమ్మా. ఈ మందులు మీ ఒంట్లో కాపలావాళ్ళని నిద్రపుచ్చుతాయి. మట్టిలో ఏముంటాయో మనకి తెలియదు. ఇంట్లో ఒక్క కుండీ కూడా వద్దు."

ఆ మాట విన్నప్పుడు ఆమె నవ్విందట. "మా అక్క సంగతి నీకు తెలియదు తమ్ముడూ. చిన్నప్పటినుంచీ దానికి మట్టి అంటే గిట్టదు. నా కాళ్ళు చూసి గుమ్మంలోనే ఆపేసేది. ఇప్పుడు దాని కిడ్నీ కూడా లోపల కూర్చుని అదే పాట."

నవ్వింది కానీ, బాల్కనీలోని నలభై కుండీలూ ఒక్కొక్కటే మెట్లు దిగుతుంటే లోపలి గదిలో తలుపు వేసుకుంది. బాల్కనీ కడిగేశారు. కుండీలు కూర్చున్నచోట గుండ్రటి మరకలు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. పొద్దున్నే లేచి ఆ మరకల మధ్య నిలబడేది. చెయ్యి దానంతటదే గోడ మీదా పిట్టగోడ మీదా తట్టేది. గోడ ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది.

ఆ నలభై పోయినందుకు కూడా కాదు ఆమె బెంగ. అవి మంచి ఇళ్ళకే వెళ్ళాయి. బెంగంతా నర్సరీలో వెనక వరసలో, కుళాయి పక్కనున్న ఒక మిరప చెట్టు మీద. ఏడేళ్ళ క్రితం ఎవరి భోజనం డబ్బాలోంచో రాలిన గింజ అక్కడున్న ఖాళీ మట్టి కుండీలో మొలిచింది. చొక్కా గుండీలంత గుండ్రటి ఊదారంగు కాయలు. ఒక్కటి కొరికితే చెవుల్లోంచి పొగలొచ్చే కారం. ఎవరూ కొనలేదు. అమ్ముడుపోని మొక్కకి చోటెందుకు, పీకెయ్యమని యజమాని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆమె "రేపు పీకుతాలెండి" అంది. ఇప్పుడు దాని మొదలు బొటనవేలంత లావు.

"ఆసుపత్రిలో పడుకుని ఇల్లు గుర్తొచ్చేది కాదు తమ్ముడూ. దాన్ని ఎవరైనా తట్టి చూశారా లేదా అనే ఆలోచనే."

"దాని గింజలు తెచ్చుకుంటే సరిపోయేదిగా అక్కా?"

"గింజ వేస్తే దాని పిల్ల వస్తుంది. పక్కనున్న మిరపల పోలికలన్నీ కలుపుకుని వస్తుంది. నాకు పిల్ల వద్దు, అదే కావాలి. కొమ్మ నాటితే అదే వస్తుంది."

కానీ కొమ్మని నాటాలంటే మట్టి కావాలి. అక్కడే ఆగిపోయింది కథ, ఆమె భర్త ఫోను పట్టుకుని వచ్చేదాకా.

ఆయన బస్సుల డిపోలో మెకానిక్. ఇంజను ఏ ముక్కకా ముక్క విప్పి నేల మీద పరిచినా బెదరడు కానీ, గడ్డికీ కొత్తిమీరకీ తేడా తెలియదు. ఆ సాయంత్రం ఫోను ఆమె ముందు పెట్టి, "ఇది చూడు. మట్టే లేదు. వేళ్ళు నీళ్ళలో వేలాడుతున్నాయి, కిందనుంచి గాలి బుడగలు వస్తున్నాయి. నీ మిరప ఇలా బతకదా?" అన్నాడు.

"నీళ్ళలో ముంచి ఉంచితే వేరు కుళ్ళదా?"

"కుళ్ళట్లేదుగా, చూడు."

"ఫోనులో ఏదీ కుళ్ళదు."

అయినా మర్నాడు ఆయన అయిదు ఖాళీ రంగు బకెట్లు మోసుకొచ్చాడు. అందులో పెద్దదానికి హెడ్డాఫీసు అని పేరు పెట్టాడు. నీళ్ళు పోసినా, మొక్కకి ఆహారంగా మందు కలిపినా అందులోనే. అక్కడినుంచి చిన్న మోటారు నీటిని సన్నపైపులో చిట్టచివరి బకెట్‌కి తోస్తుంది. బకెట్లన్నిటినీ అడుగున లావుపైపుతో కలిపాడు కాబట్టి, నీరు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నడుచుకుంటూ మళ్ళీ హెడ్డాఫీసుకే చేరుతుంది. పోయిన నీరే తిరిగి వస్తుంది, వచ్చిన నీరే తిరిగి పోతుంది. చేపల తొట్టెల్లో పెట్టే గాలిమోటారు ఒకటి ప్రతి బకెట్ అడుగుకీ బుడగలు పంపుతుంది.

ముందు ఆయన అడుగున కూడా బొటనవేలంత పైపే వెయ్యబోయాడు. కుర్చీలో కూర్చుని చూస్తున్న ఆమె ఊరుకోలేదు. "మిరప వేరు సందు దొరికితే వదలదు. నెల తిరిగేసరికి ఆ పైపులో దూరి మూసేస్తుంది. లావుది తీసుకురండి." ఆయన గొణుక్కుంటూ వెళ్ళి రెండంగుళాలది తెచ్చాడు. బకెట్లకి కన్నాలు పెట్టి, రబ్బరు వాషర్లు బిగించి, నీళ్ళు నింపితే మూడో బకెట్ దగ్గర కారింది. కింది వాటా ఆవిడ బయటికి తొంగిచూసి "పైన మాత్రమే వాన పడుతోందా అన్నయ్యగారూ?" అని అడిగింది. అది సరిచేశాక నీరు అన్నిట్లోనూ ఒకే ఎత్తున నిలవలేదని ఆయన గంటసేపు తల పట్టుకున్నాడు. నీరు సరిగ్గానే నిలిచింది, బాల్కనీ నేలే తూము వైపు వాలి ఉంది. బకెట్ల కింద చెక్కముక్కలు పెట్టి, లోపల గీతలు గీసి, నీరు గీతల్ని తాకాక వెనక్కి వాలి చూసుకున్నాడు, కొత్త బస్సుని చూసుకున్నట్టు.

ఆహారం మందు రెండు సీసాల్లో వచ్చింది. రెండూ నీళ్ళలో విడివిడిగా కలవాలి తప్ప నేరుగా ఒకదాని మీద ఒకటి పడకూడదు, పడితే విరిగిపోతాయి. ఆమె వాటికి తోడికోడళ్ళని పేరు పెట్టింది. కొమ్మలు నిలబెట్టడానికి జల్లెడలాంటి కప్పులూ, వాటిలో నింపడానికి కాల్చిన మట్టి గుళికలూ వచ్చాయి. గుళికల సంచి చూడగానే ఆమె ముఖం మారిపోయింది. డాక్టరుకి ఫోను చేసి అడిగింది, కాల్చింది కూడా మట్టేనా అని. కాల్చి కడిగినదైతే ఫరవాలేదు, చేతులకి తొడుగులు వేసుకోండి అన్నాడాయన. ఆ గుళికలు కడగడానికి అరగంట చాలు. ఆమెకి ఒక పూటంతా పట్టింది.

తర్వాత భర్త నర్సరీకి వెళ్ళి మిరప కొమ్మలు నాలుగు తెచ్చాడు. పదకొండో రోజున కప్పుల అడుగునుంచి తెల్లటి వేళ్ళు, దారప్పోగుల్లా, తొంగిచూశాయి. ఆమె రోజుకి పదిసార్లు మూత ఎత్తి చూసేది.

"మరి మోటారు ఎందుకు ఆపారక్కా?" అన్నాడు ల్యాబు ఆయన, దూది అదిమిపెడుతూ.

ఆమె దూదిని తనే అదిమి పట్టుకుని బాల్కనీ వైపు తిరిగింది.

"ఇరవై ఏడేళ్ళు నేను అందరికీ చెప్పింది ఒకటే తమ్ముడూ. పోసి పోసి చంపకండి, రెండు తడుల మధ్య వేరుకి ఊపిరాడనివ్వండి అని. ఇక్కడేమో ఎప్పుడూ నీళ్ళే. ఆ చప్పుడు ఆగదు. పాపం వాటికి ఊపిరి ఎప్పుడాడుతుంది అనిపించింది. ఆయన డ్యూటీకి వెళ్ళగానే స్విచ్చు ఆపేదాన్ని, వచ్చేముందు వేసేదాన్ని. రెండు మోటార్లకీ ఒకే స్విచ్చు. ఆ బుడగలే వాటికి ఊపిరని నాకు తట్టలేదు. చేతులారా గొంతు నొక్కాను."

ఎండలకి నిలిచిన నీరు వెచ్చబడింది. అలా ఆపడం మొదలెట్టిన నాలుగో రోజుకి మొదటి బకెట్‌లో వేళ్ళు గోధుమరంగుకి తిరిగి జారుడుగా అయ్యాయి. అందరూ తాగేది ఒకే నీరు కదా, మర్నాటికి నాలుగూ పోయాయి. భర్త మాత్రం తప్పు తన బిగింపుల్లోనే ఉందనుకున్నాడు. మోటారు మూడుసార్లు విప్పాడు. వాషర్లకి రాసిన గ్రీజు నీళ్ళలో కలిసిందేమోనని పైపులన్నీ ఊడదీసి తోమాడు.

"చెప్పేయొచ్చుగా అక్కా?"

"మొక్కల సంగతి తెలిసినదాన్ని నేనేనని ఇంట్లో పేరు. అదొక్కటే మిగిలింది నాకు. పైగా నెలాఖరుకి ఆ వెనక వరస ఎత్తేస్తున్నారట, ప్లాస్టిక్ కుండీలకి షెడ్డు వేస్తారట. ఇంకో పన్నెండు రోజులు. ఆ తర్వాత కొమ్మ కోద్దామన్నా..."

మాట పూర్తికాకుండానే తలుపు తెరుచుకుంది. డిపో చొక్కాతోనే భర్త వచ్చాడు, చంకలో అట్టపెట్టె. "పాతదాంట్లో తేడా ఉంది. ఇక విప్పడం నావల్ల కాదు. కొత్త మోటారు తెచ్చేశా," అంటూ చెమట తుడుచుకుని పెట్టె చించబోయాడు.

"చించకండి," అంది ఆమె. "మోటారు బాగానే ఉంది. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు నేనే ఆపాను."

ల్యాబు ఆయన లేని పని కల్పించుకుని ఐసు పెట్టె మూత సర్దాడు. భర్త పెట్టెతో సహా స్టూలు మీద కూలబడ్డాడు. ఎందుకాపావని అడిగాడు, ఆమె చెప్పింది. అంతా విని, అట్టపెట్టె చించకుండానే పక్కన పెట్టేశాడు.

"మూడుసార్లు విప్పానే దాన్ని," అన్నాడు. "నట్టు నట్టుకీ తిట్టాను. నాకొద్దులే గానీ, దానికైనా ఒకసారి సారీ చెప్పు."

ఆమె లేచి వెళ్ళి, వంగి, మోటారు మూతని అరచేత్తో రెండుసార్లు నిమిరింది. వెనక్కి తిరిగినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి కానీ నవ్వుతోంది. భర్త అప్పటికే స్విచ్చు వేసి, దాని మీద నల్లటి టేపు అడ్డంగా అతికిస్తున్నాడు. "ఇక దీని మీద చెయ్యి వేస్తే మీ అక్కకి ఫోను చేస్తా. కిడ్నీ వెనక్కి తీసుకుపొమ్మంటా."

మోటారు గుడగుడమంది. ఖాళీ బకెట్లలో బుడగలు లేచాయి. ల్యాబు ఆయన పెట్టె భుజాన వేసుకుని చెప్పులేసుకుంటుంటే ఆమె గుమ్మందాకా వచ్చింది.

"తమ్ముడూ, రేపు పొద్దున నీ దారి ఆ నర్సరీ మీదుగానేగా?"

"అవునక్కా."

"వెనక వరసలో, కుళాయి పక్కన. ఊదారంగు కాయలుంటాయి, గుర్తుపట్టేస్తావు. దాహంతో ఉన్నప్పుడు కోస్తే కొమ్మ నిలవదు. పొడిగా ఉంటే నీళ్ళు పోయించు, ఎల్లుండి పొద్దున ఈయన వెళ్ళి కోసుకొస్తాడు."

"పొడిగా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? అక్కడివాళ్ళని అడగనా?"

"వాళ్ళకి తెలియదు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ కుండీలు, తట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఈయన్ని పంపిద్దామంటే, ఈయన తడితే అన్నీ ఇంజన్లలాగే పలుకుతాయి. నువ్వే తట్టాలి. ఏదీ, ఆ బకెట్ మీద తట్టి చూపించు."

అతను చెప్పులు విడిచి మళ్ళీ బాల్కనీలోకి వచ్చి మొదటి బకెట్ మీద తట్టాడు.

"తలుపు కొడుతున్నావా? గోరుతో కాదు, వేలి కణుపుతో. అంచు మీద కాదు, నడుము మీద. నిద్రపోతున్నవాళ్ళని లేపీలేపకుండా తట్టినట్టు. ఊ, అలా." ఆమె తన చూపుడువేలు మడిచి గాలిలో ఒకసారి తట్టింది. "ముందు నాకు ఫోను చెయ్యి. ఫోను కుండీకి ఆనించి పట్టుకుని రెండుసార్లు తట్టు. నువ్వేం మాట్లాడకు. నేను వింటాను."