నిండని గుంతల మేస్త్రీ

మరుగుదొడ్డి గుంత ఎన్నేళ్ళకూ నిండకపోతే అది ఇంటివారి అదృష్టమనీ, కట్టిన మేస్త్రీ పనితనమనీ మా వైపు గట్టి నమ్మకం. బోరులో ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయో చెప్పుకునేంత గర్వంగా, గుంత మూత ఎన్నేళ్ళుగా తీయలేదో చెప్పుకునే పెద్దమనుషులను నేనెరుగుదును. పదిమందీ నమ్మినంత మాత్రాన ఒక మాట నిజమైపోదు, అబద్ధమూ అయిపోదు. దాన్ని ఎవరో ఒకరు పరీక్షించాలి. మా వీధిలో ఆ పని దావీదురాజు పాలపడింది.

దావీదురాజుకు ఉన్న వింత అలవాటు ఒక్కటే. ఎవరి గడప తొక్కినా, కూర్చోకముందే, "మీ గుంత నిండిందా?" అని అడుగుతాడు. నిండిందంటే ఆయన ముఖం విప్పారుతుంది, చేయి పట్టుకుని అభినందిస్తాడు. నిండలేదంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరో పోయారని విన్నట్టు తలవాల్చి, "ఎన్నేండ్లాయప్పా?" అని నీరసంగా అడుగుతాడు.

మేనకోడలు ప్రేమజ్యోతికి వేంపల్లె నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి తమ ఇంటి గొప్పలు చెబుతూ, "ఇరవై ఏండ్లాయ, గుంత మూత తీసింది ల్యా" అన్నాడు. దావీదురాజు చేతిలోని మైసూరుపాకు పళ్ళెంలో పెట్టేశాడు.

"అయితే ఈ సంబంధం వద్దులేప్పా."

"యాలప్పా?"

"మీ ఇంటి నీళ్ళు మా పాప తాగాల గదా."

ఆ సంబంధం కుదిరింది. అందుకు కారణం ఆయన భార్య ప్రేమమ్మ సమయానికి ఆయన్ను పెరట్లోకి పంపడమే.

చర్చిలో పాస్టరుగారు ప్రార్థన విన్నపాలు చెప్పమంటే, ఇతరులు మోకాళ్ళ నొప్పులూ పిల్లల ఉద్యోగాలూ చెప్పుకున్నారు. దావీదురాజు లేచి, "ఈ వీధి గుంతలన్నీ నిండాలని ప్రార్థన చెయ్యండయ్యా" అన్నాడు. పాస్టరుగారు కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఆ విన్నపాన్ని దేవుడికి తనకు చేతనైన భాషలో అందించారు. గట్టిగా ఆమెన్ అన్నది గుంతలు తోడే ట్యాంకరు నడిపే నాగన్న ఒక్కడే.

నవ్వుకోవడానికి ఇది చాలు. కానీ ఆ ప్రశ్న వెనుక ఉన్న సంగతి నవ్వుకునేది కాదు. మా వీధిలోని ముప్పైనాలుగు గుంతల్లో ముప్పైఒకటి దావీదురాజు కట్టినవే. సిమెంటు వరలు దించి, అడుగున కాంక్రీటు వేయకుండా మట్టిని అలాగే వదిలేయడం ఆయనకు పని నేర్పిన మేస్త్రీ పద్ధతి. ఇంటివాళ్ళు అడిగేదీ అదే. అడుగు లేని గుంత నిండదు. దానిలోనిది భూమిలోకి పోతుంది. ఓర్వకల్లు వైపున్న మా ఊరిది పగుళ్ళ రాతినేల. పగుళ్ళన్నీ దిగువనున్న చెరువు వైపే సాగుతాయి. ఆ చెరువు గట్టు కింది బావి నీళ్ళే మేమందరం తాగేది.

భూగర్భ డ్రైనేజీ పనికి వచ్చిన ఇంజనీరు హర్షవర్ధన్ నేల వాలు కాగితం మీద గీసి చూపిన రోజున దావీదురాజు అన్నం తినలేదు. మరునాటి నుంచే ఆ ప్రశ్న మొదలైంది. ఇళ్ళన్నీ పైపులకు కలిపితే మురుగు చెరువు దాటి శుద్ధి చేసే చోటికి పోతుంది. ఏడాదిలోగా వీధివాళ్ళు దరఖాస్తులు ఇవ్వకపోతే పైపు వీధి మొగలోనే ఆగిపోతుంది. ఒక్కరూ ఇవ్వలేదు. దస్తగిరమ్మ ఇవ్వకపోవడమే అందుకు కారణం.

దస్తగిరమ్మది దావీదురాజు పక్కిల్లు. వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు.

"ఇరవై రెండేండ్లాయ, నా గుంత ఒక్కనాడు పొంగింది ల్యా. ఊరందరి మురికిలో నా ఇంటిది కలపాల్నా?" అనేది.

"అది నిండల్యా కాబట్టే చెప్తాండా వదినా."

"కట్టింది నువ్వే. బాగుండాదంటే ఏడ్చేది నువ్వే. నీకేమన్నా గాలి సోకిందా ఏమప్పా?"

ఆ వేసవిలో చెరువు అడుగంటింది. వీధిలో పదకొండు మందికి కామెర్లు వచ్చాయి. పదిమంది కోలుకున్నారు. దస్తగిరమ్మ కోడలు, అక్రమ్ భార్య దిల్షాద్, కోలుకోలేదు. ఆమెకప్పుడు ఏడో నెల. జబ్బుపడ్డ మూడు వారాలూ దస్తగిరమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని గంటకోసారి నీళ్ళు తాపింది. నీళ్ళు ఎంత తాగితే కామెర్లు అంత త్వరగా దిగుతాయని ఆమెకెవరో చెప్పారు.

దిల్షాద్ పోయిన నలభయ్యో రోజు గడిచాక దావీదురాజు హర్షవర్ధన్ దగ్గర రెండు పొట్లాలు తెచ్చాడు. ఒకటి ఎర్ర రంగు పొడి, మరొకటి పచ్చ రంగు పొడి. ఏ దొడ్లో పోసిన రంగు బావిలో తేలితే ఆ గుంతే బావిలోకి ఊరుతున్నట్టు. గట్టుకు అందరికన్నా దగ్గరగా ఉన్నవి తనదీ, దస్తగిరమ్మదీ, ఆ రెండిళ్ళే. ఎరుపు తన ఇంట్లో పోశాడు. మూత పెట్టిన బకెట్టుతో దస్తగిరమ్మ ఇంటికి వెళ్ళాడు. సాక్షిగా నన్నూ తీసుకువెళ్ళాడు.

"పోసుకోప్పా," అన్నది ఆమె మంచం మీంచి లేవకుండానే. "నా గుంత ముందర నువ్వే సిగ్గుపడతావు."

అది పచ్చ రంగు. పోసి, ఆనవాలు లేకుండా కడిగి వచ్చాడు.

అయిదో రోజు ఉదయం మేమిద్దరం బావిలో నీళ్ళు తోడి సీసాలో పట్టాం. ఎండకు ఎత్తి చూశాం. లేత వరిమడి పచ్చన. దావీదురాజు గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఆయమ్మ చేత్తోనే గదా సార్ తాపింది," అన్నాడు.

ఆ సాయంత్రం వీధి అంతా ఆయన ఇంటి ముందు చేరింది. హర్షవర్ధన్ కూడా దరఖాస్తులు పట్టుకుని వచ్చాడు. సీసా చేతికి చేతికి మారింది. ఎవరింటి రంగని అక్రమ్ అడిగాడు. దావీదురాజు నావైపు ఒకసారి చూశాడు. సత్యం గురించి నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కావు. ఆ సమయంలో నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"పచ్చది నా ఇంట్లో పోసిందే," అన్నాడు దావీదురాజు. "వదినది ఎరుపు. ఎరుపు యాడా తేల్లేదు."

ఒక్కసారిగా గోల లేచింది. అక్రమ్ ఆయన చొక్కా పట్టుకున్నాడు. దస్తగిరమ్మ వాణ్ణి వెనక్కి లాగి, ఏడుస్తూనే వీధివైపు తిరిగింది. "చూసినారా? నా గుంత మంచిదే! నా గుంతకు ఏ పైపూ వద్దు!"

తన అబద్ధం ఎటు తిరిగిందో దావీదురాజుకు అప్పుడు తెలిసింది. ఆమె కలపకపోతే వీధి కలపదు. పచ్చటి నీళ్ళు అలాగే ఊరుతుంటాయి. రెండో అబద్ధం ఆడవలసి వచ్చింది. మేస్త్రీ అయినవాడు నోట రానీయని మాట అది.

"నీది మంచిది కాదు వదినా," అన్నాడు. "నా ఇంటిది నేను బాగా కట్టుకుంటి. అడుగున రాయి పరిస్తి, జల్లి పోస్తి. మీ అందరికీ అది కూడా ఎయ్యల్యా. మీకు సిమెంటు మిగిలిచ్చినట్ల చెప్పి, పని ఎగ్గొడితి. బాగా కట్టిందే ఇట్లుంటే, మీవి ఎట్లుంటాయో మీరే చూసుకోండి."

ఇది పచ్చి అబద్ధం. అన్ని గుంతలూ ఆయన ఒకే తీరుగా కట్టాడు. తన దానికి ఒక తట్ట కంకర కూడా ఎక్కువ వేసుకోలేదు.

మొదటి చెప్పు ఎవరు విసిరారో తెలియదు. రెండోది మా వీధి అల్లా బాషాది. గురితప్పి నాకు తగిలింది. "దొంగ మేస్త్రీ! వీని గుంత నా ఇంట్లో ఇంక ఒక్క దినం ఉండేది ల్యా!" అని దస్తగిరమ్మ అరిచింది. హర్షవర్ధన్ చేతిలోని దరఖాస్తుల కట్ట లాక్కుని మొదటి వేలిముద్ర ఆమే వేసింది. చీకటిపడేలోగా ముప్పైనాలుగు ఇళ్ళూ అయిపోయాయి. కోపం ఇంత సక్రమంగా వరుసలో నిలబడడం నేను మరెక్కడా చూడలేదు.

మనుషులను మెచ్చుకోవడంలో నాకు తొందర లేదు. అబద్ధం అబద్ధమే. నిజం చెప్పినా ఆమె వేలిముద్ర వేసేదేనని ఆయనతో వాదించాను కూడా.

"వేస్తాది సార్. వేసినాక ఏమయితాది?" అన్నాడు. "ఆ మాట ఆయమ్మ మోయల్యాదు. నన్ను తిట్టేదయితే ఎన్నాళ్ళయినా మోస్తాది."

అందుకే ఊరి పేరు రాయలేదు. మనుషుల పేర్లూ అసలువి కావు.

పైపులు కలిపాక పాత గుంతలను తోడించి, మట్టీ రాళ్ళూ వేసి పూడ్చాలి. నాగన్న ట్యాంకరు తోడిపెట్టింది. పూడ్చే పని దావీదురాజు తన మీద వేసుకున్నాడు. దస్తగిరమ్మ గుంత దగ్గర నాలుగు రోజులు పట్టింది. ఆమె కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, ఆయన్నూ, ఆయన తాపీనీ, పని నేర్పిన గురువునూ వరసగా తిట్టింది. గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడల్లా, "ఆ మూల ఇంకో తట్ట ఎయ్, కంటికి కనపళ్ళేదా?" అనేది. మధ్యాహ్నం టీ గ్లాసు గోడ మీద టక్కున పెట్టి, "తాగి సావు," అనేది. ఆయన తాగి, గ్లాసు కడిగి పెట్టేవాడు. రెండో రోజు నుంచి టీలో అల్లం ఉంది. ఆయనకు అల్లం టీ ఇష్టమని ఆమెకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

ఇప్పుడు మా వీధిలో ఆయనకు ఎవరూ పని చెప్పరు. ఉదయం బస్సెక్కి ఓర్వకల్లు దగ్గర కట్టే షెడ్లలో కూలికి కాంక్రీటు పోసి వస్తాడు. ఇల్లు అమ్మేసి కర్నూలు పోదామని ప్రేమమ్మ రెండుసార్లు అడిగింది. అడిగిన రెండుసార్లూ ఆయన వద్దన్నాడు. తాను వెళ్ళిపోతే దస్తగిరమ్మకు తిట్టుకోవడానికి మనిషి ఉండదనీ, అప్పుడామె కూర్చుని ఆలోచించడం మొదలుపెడుతుందనీ చెప్పాడు. ఆ పక్కింట్లోనే ఉంటున్నాడు.