ఫోటో అంచున మా అక్క

నా కెమెరా చిన్న మోడల్. పెద్దది కొనే తాహతు నాకు యాడిది? బళ్ళారి నుంచి వచ్చే ఫోటోగ్రాఫర్లు పెద్ద మోడల్ మెడలో ఏలాడదీసుకొని, నాదాన్ని ఒక చూపు చూసి, "ఇదేందప్పా, ఫంక్షన్‌కు దీన్ని తెచ్చినావు?" అని నవ్వుతాండ్రి. ఆ నవ్వుకు నా కడుపు మండుతాండె. ఒకనాడు నెట్‌లో చదివితి. రెండిట్లోనూ సామాను ఒకటేనంట, లోపల నడిపించే సాఫ్ట్‌వేరే వేరంట. పెద్దదాని సాఫ్ట్‌వేర్ చిన్నదానికి ఎక్కిస్తే, లైటు తక్కువున్న చోట కూడా మచ్చల్లేకుండా తీస్తాదంట. ఇంగ నాకు నిద్ర యాడ పడతాది?

అప్పటికి మా అక్క కూతురి పెండ్లికి ఇంగా మూడు దినాలుండె. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకొని సాకింది అక్కే. చిన్న వయసులోనే ఆ యమ్మకు మొగుడు పాయ. రూపనగుడి చేన్లల్లో మిరపకాయలు కోసి కోసి ఒక్కతే కూతుర్ని పెంచింది.

మా పక్క మొగుడు లేని ఆడది పెండ్లి ఫోటోలో నిలబడదు. ఎవురూ చెప్పే పనిలేదు, కెమెరా ఎత్తితే చాలు, వాళ్లే స్తంభాల ఎనక్కి పోతారు. పోనోళ్లను "అమ్మా, రోంత పక్కకు జరుగు" అని జరిపింది నేనే, ఎన్ని పెండ్లిండ్లల్లోనో. ఒకసారి ఒక ముసలామెను జరిపేది మరిస్తే, పెండ్లికొడుకు తరపు బీగర్లు ఆల్బమ్ చూసి గలాటా చేసిరి. ఆ ముసలామెను కంప్యూటర్లో తుడిపేస్తి. అక్క ఆపొద్దు నా పక్కనే కూచోని శెనక్కాయలు వలుస్తాండె. "ఆ యవ్వ యాడికి పాయప్పా?" అనింది. "తీసేస్తినక్కా, ఇంగ లేదు" అని నవ్వితి. అక్క నవ్వలా.

అట్లాంటి అక్క, కూతురి పెండ్లి ముందర నన్ను అడిగింది. "ఒకేఒక్కటి తియ్యప్పా. బిడ్డ పక్కన నిలబడతా, ఎవురేమన్నా అనుకోనీ. ఫ్రేము కట్టించి గూట్లో పెట్టుకుంటా. అది అత్తింటికి పోయినాంక నాకు ఇంట్లో ఎవురుండారు?" తీస్తానక్కా, ఇంత పెద్దది తీస్తా అని రెండు చేతులూ చాపి చూపిస్తి.

ఆ ఫోటో బాగా రావల్లనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తినని చానా దినాలు నాకు నేనే చెప్పుకుంటి. వట్టి అబద్ధం. ఆ నవ్వినోళ్ల ముందర తల ఎత్తుకోని తిరగల్లని ఎక్కిస్తి.

ఎవుడో తెలివైనోడు నెట్‌లో మార్చి పెట్టిన ఫైలును కార్డుకు కాపీ చేసి, కెమెరాలో ఏసి, అప్‌డేట్ నొక్కితి. తెర మింద గీత నిండేదాకా దాన్నే చూస్తాంటి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెద్ద మోడల్ పేరు! ఎగిరి గంతేస్తి. ఇంటి ముందర ఎండలో బర్రెను ఒక ఫోటో తీస్తి. చానా బాగొచ్చె. కెమెరా తెర మింద కనపడలా గానీ, కంప్యూటర్లో చూస్తే మాత్రం కుడిపక్క అంచున ఒక నల్ల పట్టీ ఉండె, దారమంత. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిద్దామంటే కెమెరా ఒప్పుకోలా. దారమే కదా, మనుషుల్ని నడిమిన నిలబెట్టుకుంటే సరిపాయ అనుకుంటి. ఇంగొకరి కెమెరా అడగొచ్చు. నవ్వుతారని అడగలా.

పెండ్లి బీగర్ల ఊరు మోకలో, లైటు తక్కువుండే సత్రంలో. పొద్దున్నుంచి అందర్నీ నడిమినే పెట్టి తీస్తి. తాళి కట్టినాంక గ్రూప్ ఫోటోకు బీగర్లే స్టేజీ నిండా నిలబడిరి. పెండ్లికూతురు కుడిపక్క కొసకు జరిగిపాయ. అప్పుడొచ్చె మా అక్క. పచ్చ చీర కట్టుకొని, ఎవురి మొగమూ చూడకుండా వచ్చి, ఆ కొసన నిలబడి, కూతురి భుజం మింద చెయ్యేసె. బీగర్ల పెద్దాయన ఆ యమ్మను చూసి, నన్ను చూసి, గొంతు సవరించుకొనె.

అంచున పట్టీ ఉండాదని నాకు తెలుసు. "అక్కా, నడిమికి రా" అనల్ల, అంతే. ఆ పెద్దాయన మొగం చూసి నా నోరు పడిపాయ. దారమే కదా, వస్తాదిలే అని నొక్కితి. అక్క నవ్వుతాండె. ఇంగొకటి తీసే లోపల "సాకప్పా, ఊటక్కె హొత్తాయ్తు" అని పెద్దాయన కన్నడంలో అనేసి, అన్నం పొద్దాయనని స్టేజీ దిగిపాయ, జనమంతా ఆయన ఎనకాలే. అప్పటికి మావాళ్ల చేతుల్లో ఉండేవి బటన్ ఫోన్లే. ఇంగెవురూ తీయలా.

మర్సునాడు కంప్యూటర్లో చూస్తి. లైటు తక్కువకని పెట్టిన సెట్టింగులో ఆ పట్టీ జానెడైపోయింది. ఎండలో బర్రెను తీసి చూసుకున్న మొగోన్ని, నాకేం తెలుస్తాది! కూతురుండాది. కూతురి భుజం మింద నాలుగు వేళ్లుండాయి. ఆపక్కంతా నలుపు. ఆ నలుపు కత్తిరించి ప్రింటు తీస్తి.

అక్క దాన్ని గడపలో నిలబడి చానాసేపు చూసె. "వేళ్లు తుడిపేది మరిచినావే" అనె. "ఎవురు తీసేయమనిరప్పా? బీగర్లా?"

"లేదక్కా, నీ కాళ్లు మొక్కుతా. కెమెరాకు వేరేదాని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తి, అది అంచు తినేసె" అని ఏడిస్తి. ఆ యమ్మ ఎట్ల నమ్ముతాది? నేను ముసలామెను తుడిపేది కండ్లారా చూసిన మనిషి. "పోనీలే. బిడ్డ వాళ్లతోనే బతకల్ల కదా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అనె. తిట్టింటే ఎంత బాగుండె! ఆ ఫోటోకు ఫ్రేము కట్టించలా.

ఇప్పుడు నా తాన నిజమైన పెద్ద మోడలే ఉండాది. మొన్న అక్క బిడ్డ చిన్నకొడుకు పుట్టెంట్రుకలకు పోయింటిమి. బీగర్లందరి ముందర గొంతు చించుకొని "అక్కా, నడిమికి రా" అని పిలిస్తి. పదేండ్లు పట్టె నాకు ఆ మాట అననీకి. అక్క కొసనే నిలబడి, కెమెరా పక్క చూసి, "ఈడుంటే నేను పడతానాప్పా?" అని అడిగె.

"పడతావక్కా, బాగా పడతావు" అంటి, సంతోషంగా.

"సరే" అని, ఇంగా రెండడుగులు పక్కకు జరిగి నిలబడె.