దారికి వీపు పెట్టిన మనిషి

ఊరు చూపించే బస్సులో మైకు పట్టుకునే ఆయన్ని అందరూ మైకాయన అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కానీ అది జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప మరెవరికీ అవసరం పడలేదు. బస్సుకు రెండంతస్తులు, పై అంతస్తుకు కప్పు లేదు. అక్కడ ముందు వరస సీట్లకు ఎదురుగా, ఇనప కమ్మీకి నడుము ఆనించి, దారికి వీపు పెట్టి, ప్రయాణికుల వైపు ముఖం పెట్టి నిలబడేవాడు. ఏ చెట్టుకొమ్మ ఎక్కడొస్తుందో ఆయన వీపుకు తెలుసు. మాట ఆపకుండానే తల వంచేవాడు, కొమ్మ పైనుంచి పోయేది.

ఆయన చెప్పేవి రాజుల సంగతులు కావు. అవి పుస్తకాల్లో ఉంటాయి, తీరిగ్గా చదువుకోండి అనేవాడు. ఆయన సరుకు వేరు. ఆ పచ్చ తలుపుకు రెండు కాలింగ్ బెల్లులున్నాయి చూశారా, ఒకటి చుట్టాలకు, ఒకటి మిగతావాళ్లకు, చుట్టాల బెల్లుకు వైరు లేదు. ఈ మేడలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగదు, ఎందుకంటే ఆ అంతస్తులో ఉండే ఆవిడ లిఫ్టు బాగుచేసేవాడికి పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పింది. ఇలాంటివి. దిగేటప్పుడు ప్రతివాళ్ల దగ్గరా వాళ్ల ఊరి వింత ఒకటి అడిగి పుచ్చుకునేవాడు. తమ వైపు వీడ్కోలుకు మాటే లేదనీ, వెళ్లేవాళ్ల చెప్పులు బయటివైపు తిప్పి పెడితే అదే వీడ్కోలనీ ఒకావిడ చెప్పింది. నిజమో అబద్ధమో ఆయన ఆరా తీసేవాడు కాదు. మర్నాటికి అది కూడా సరుకులో చేరిపోయేది.

ఈ పనిలో ఒక కిటుకుంది. ప్రయాణికులకు ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ చెయ్యి వాళ్లకు కుడివైపు అవుతుంది. అంచేత చెయ్యి ఒకటి చూపిస్తుంటే నోరు దానికి ఎదురు చెప్పాలి. చేతినీ నోటినీ ఇలా విడదీసుకోవడానికి కొత్తలో ఆయనకు చుక్కలు కనిపించాయి. తర్వాత అలవాటైపోయి, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని భార్య అడిగినా అలాగే చెప్పేవాడు. ఆవిడ ఆ మాటకు ఎదురువైపు వెతుక్కునేది.

ఆ ఇల్లు బస్సు వెళ్లే దారిలోనే ఉంది. మేడ మీద నీలం కిటికీ, కిటికీలో కుట్టుమిషను, మిషను మీదికి వంగిన భార్య తల. వీధికి ఆవలి పక్క పాత ఇనుము కొట్టు. దాని గోడవారన పగిలిపోయిన మరుగుదొడ్డి బేసిన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. ఒక్కసారి మనిల్లు కూడా చూపించండి, వాళ్లకు చెయ్యి ఊపుతాను అని ఆవిడ ఎప్పటినుంచో అడిగేది. "మనింట్లో ఏం వింతుందే?" అని ఆయన కొట్టిపారేసేవాడు. బస్సు అక్కడికొచ్చేసరికి మాత్రం ఆయన గొంతు కాస్త పెద్దదయ్యేది. అది ఆవిడకు వినిపించాలనే.

ఇక బావమరిది సంగతి. మనిషి గొంతు తేనె, పొట్ట మాత్రం చెడ్డది. బస్సెక్కితే రెండు వీధులు దాటకుండా వాంతి చేసుకుంటాడు. బట్టల దుకాణంలో మైకులో తగ్గింపు ధరలు చదివే ఉద్యోగం. అలాంటివాడు ఉన్నట్టుండి రోజూ సాయంత్రం వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, "బావా, ఆ రెండు బెల్లుల కథ చెప్పు" అని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే, ఊరికే, వినాలనిపించి అన్నాడు. మైకాయన పొంగిపోయాడు. సొంత తమ్ముడు లేనివాడు కదా, ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు.

తర్వాత ఒకరోజు యజమాని పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో కుర్చీ చూపించారంటే మంచి కబురు కాదు.

"వచ్చే నెలనించి ప్రతి సీటుకీ హెడ్‌ఫోన్లు పెడుతున్నాం. అన్నీ రికార్డు చేసేస్తున్నాం. మీరిక గొంతు చించుకోవక్కర్లేదు, టికెట్లు చూసుకుంటే చాలు."

"చెప్పేది ఎవరండీ?"

"అదేంటి, మీ బావమరిది చెప్పలేదా?"

మైకాయన నవ్వాడు. నవ్వి, చెప్పాడండీ, మరిచిపోయాను అన్నాడు. వీధిలోకొచ్చేదాకా ఆ నవ్వు ముఖం మీదే ఉంది. తర్వాత కడుపులో మంట మొదలైంది. నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని, నా పెళ్లాం ఇచ్చిన మంచినీళ్లు తాగుతూ తడిగుడ్డతో గొంతు కోశాడా వీడు. ఏకై వచ్చి మేకయ్యాడా. పైగా నా కథలు నా బస్సులో వాడి గొంతుతో నేనే వినాలి, టికెట్లు చింపుతూ. వాణ్ణి కొడితే ఒక పూటతో పోతుంది. తిడితే ఇంటావిడ మధ్యలో పడుతుంది. అలా కాదు, వాడి పరువు నలుగురిలో పోవాలి, తన చేతికి మట్టి అంటకూడదు. నడుస్తూ నడుస్తూ మైకాయన దీన్నంతా ఎంతో ఇష్టంగా ఆలోచించుకున్నాడు. మంచి కథ తయారుచేసుకునేటప్పుడు కూడా ఆయనకు ఇలాగే ఉండేది.

ఇంటికెళ్లేసరికి అక్కా తమ్ముడూ ఏదో గుసగుసలాడుతూ, ఆయన్ని చూసి ఆపేశారు. ఆవిడ ముఖంలో నవ్వు దాగలేదు. ఓహో, ఇంటావిడకూ తెలుసన్నమాట. ఆ మంటలో నెయ్యి పడింది.

"కథలన్నీ అయిపోయాయి బావా" అన్నాడు వాడు. "ఏది ఏ వైపో చెప్పావంటే వరసగా రాసేసుకుంటాను. నువ్వు బస్సులో నిలబడ్డట్టే నిలబడి చూపించు."

దేవుడే అడిగించినట్టుంది. మైకాయన లేచి కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి చాపాడు. "రెండు బెల్లుల ఇల్లు. ఎడమ."

వాడు కాగితం మీద పెట్టబోయి ఆగాడు. "బావా, నాకిటు కుడి అవుతోందే."

"నువ్వు కుర్చీలో ఉన్నావు, నేను బస్సులో ఉన్నాను. నా చెయ్యి చూసి రాసుకో."

వాడు రాసుకున్నాడు. ఆ క్షణంలో మైకాయనకు కలిగిన సుఖం అంతా ఇంతా కాదు. ఒక్క అక్షరం అబద్ధం ఆడలేదు మరి. ఎడమ చెయ్యిని ఎడమ చెయ్యి అన్నాడు, అంతే. అత్తరు దుకాణం, లిఫ్టు ఆగని మేడ, న్యాయాధికారి నివాసం, అన్నీ అలాగే చేతి లెక్కన చెప్పుకుపోయాడు. రోజూ తాను వీపున వేసుకుని తిరిగే ఊరిని తిరగేసి వాడి చేతిలో పెట్టాడు. పనిలో పనిగా బస్సెక్కి ఒకసారి చూసుకోరా అని కూడా అన్నాడు, వాడు ఎక్కలేడని తెలిసే. నువ్వు చెప్పాక ఇంకా చూసేదేముంది బావా, అన్నాడు వాడు.

లేవబోతూ వాడు ఇంకొకటి అడిగాడు. "అవునూ, మనిల్లు ఏ వైపొస్తుంది?"

"ఎడమ" అన్నాడు మైకాయన. చెయ్యి ఎత్తను కూడా లేదు. "ఎందుకురా?"

"ఏం లేదు. లెక్క సరిచూసుకుందామని."

కుట్టుమిషను దగ్గర ఆవిడ మళ్లీ తలవంచుకుని నవ్వుకుంది. నవ్వుకోండి నవ్వుకోండి, ఎంతకాలం నవ్వుకుంటారో చూస్తాను అనుకున్నాడు.

మొదటి ట్రిప్పుకు యజమాని ఊళ్లో పెద్దమనుషుల్నీ పత్రికలవాళ్లనూ పిలిచాడు. సీట్లన్నీ నిండాయి. బావమరిది మామూలుగానే బస్సెక్కలేదు, ఆఖరి స్టాపులో ఉంటానన్నాడు. మైకాయన టికెట్లు చూసి, మెట్ల పక్కన మిగిలిన ఒక హెడ్‌ఫోను తగిలించుకుని, వడ్డన కోసం విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

తేనె గొంతు మొదలైంది. "మీ ఎడమవైపు, ఈ ఊరి మొదటి న్యాయాధికారి నివాసం. ఎంతటివాడైనా ఈ గుమ్మం ముందు తలవంచాల్సిందే." జనమంతా ఎడమకు తిరిగారు. ఎడమవైపు కోడిమాంసం కొట్టువాడు కత్తి నూరుకుంటూ, ఇంతమంది తనవైపు చూసేసరికి నూరడం ఆపాడు. "మీ ఎడమవైపు అత్తరు దుకాణం. గట్టిగా ఊపిరి పీల్చండి, ఈ సువాసన మలుపు దాకా వస్తుంది." అక్కడున్నది ఊరందరి మరుగుదొడ్డి. మాట వినే అలవాటున్న ఒక పెద్దమనిషి గట్టిగానే పీల్చాడు.

వెనక సీట్లలో పత్రికలవాళ్లు పకపకా నవ్వారు. యజమాని చెవులు ఎర్రబడ్డాయి. మైకాయన ప్రతిదాన్నీ చప్పరించి మింగాడు. మర్నాడు పేపర్లో ఏం రాస్తారో, యజమాని వాణ్ణి ఏ మాటలతో గెంటేస్తాడో, వాడు మళ్లీ తగ్గింపు ధరలు చదువుకోవడానికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడో అన్నీ కళ్లముందు కనిపించాయి. ఇంత కమ్మని ప్రయాణం ఆయన ఎన్నడూ చేయలేదు.

బస్సు తమ వీధిలోకి తిరిగింది. ఇక్కడ చెప్పే కథేమీ లేదు, సంగీతం వేస్తారు కాబోలు అనుకున్నాడు. గొంతు ఆగలేదు.

"ఇంతసేపూ మీరు విన్నవి నావి కావు. ఒక్కటీ నాది కాదు. ఒక మనిషి ఎన్నో ఏళ్లు ఈ బస్సులో నిలబడి, మీలాంటివాళ్లను అడిగి, ఒక్కొక్కటే పోగుచేసి నాకు చెప్పాడు. ఆయన మా బావ. మీ ఎడమవైపు, నీలం కిటికీ ఆయన ఇల్లు. ఆ కిటికీలో ఉన్నది మా అక్క. ఈ ఇంట్లో వింతేమీ లేదంటాడు మా బావ. దయచేసి ఒకసారి చెయ్యెత్తి పలకరించండి."

నవ్వులు ఆగిపోయాయి. బస్సులో అందరూ ఎడమకు తిరిగారు. అంతదాకా నవ్వినవాళ్లు కూడా ఇప్పుడు నిజంగానే, మర్యాదగా చేతులెత్తారు. గట్టిగా పీల్చిన పెద్దమనిషి లేచి నిలబడి మరీ ఎత్తాడు, పగిలిన బేసిన్ల గుట్ట వైపు.

కుడివైపు కిటికీ తెరిచి ఉంది. మిషను పక్కకు జరిపేశారు. ఆవిడ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చెయ్యి ఊపుతోంది. బస్సంతా ఆవిడకు వీపులు పెట్టి ఉంది. ఆవిడ ఇంకాస్త ముందుకు వంగి ఊపింది. తర్వాత ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. మైకాయన లేచాడు, ఏదో అరవబోయాడు. బస్సు ఇల్లు దాటిపోయింది.

ఆఖరి స్టాపులో బావమరిది ఎదురొచ్చాడు. వాడు నోరు తెరిచేలోపే యజమాని విరుచుకుపడ్డాడు. ఏది ఏ వైపో నీకు ఎవడు చెప్పాడు, కుడి ఎడమలు తెలియవా అని అడిగాడు. బావమరిది కాసేపు ఏమీ అర్థంకానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. బావ చేతివైపు ఒకసారి చూసి, కళ్లు దించేసుకున్నాడు.

"నేనే తప్పు రాసుకున్నానండి. ఇంకెవరూ చెప్పలేదు."

యజమాని రేపటినుంచి ముఖం చూపించొద్దని చెప్పి వెళ్లిపోయాడు. పత్రికలవాళ్లూ వెళ్లిపోయారు. మైకాయన కోరుకున్నదంతా కోరుకున్నట్టే జరిగింది, వాడి పరువు నలుగురిలోనూ పోయింది, ఆయన చేతికి మట్టి అంటలేదు. బావమరిది దగ్గరికొచ్చాడు. కోపం లేదు వాడి ముఖంలో, భయంలాంటిదే ఉంది.

"అక్క పొద్దున్నించీ తయారవుతోంది బావా. ఎవరికైనా కనిపించిందా?"

మైకాయన చేతిలో చింపిన టికెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

"నాకు కనిపించిందిరా" అన్నాడు.