హాస్టల్ పేజీకి వేసిన వేషం

నా బతుకుతెరువు చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఎవరో ఎక్కడో కూర్చుని రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలేసిన సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి, నేను అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెడతాను. దాని గుర్తు తీసేసి అడిగినవాళ్ళ గుర్తు వేస్తాను. రంగులు మారుస్తాను. అడుగున తయారుచేసినవారి పేరు ఉండేచోట నా షాపు పేరు రాసుకుంటాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు నాది. తిరుపతిలో లాడ్జీలకూ కోచింగ్ సెంటర్లకూ ఇలాగే చేసిచ్చాను. పేరు మార్చుకోమని రాసినవాళ్ళే అన్నారు కాబట్టి అందులో నాకు సిగ్గు లేదు. సిగ్గు వేరేచోట ఉంది.

యూనివర్సిటీ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. నడిపేది వైష్ణవుల పెద్దాయన, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవారు. నుదుట నామం లేకుండా గడప దాటరు. ఆయనకు గేటు పాసుల కోసం ఒక పేజీ కావాల్సి వచ్చింది. ఊరికెళ్ళాలనుకున్న పిల్ల అందులో అడుగుతుంది, తండ్రి ఫోనుకు మెసేజ్ పోతుంది, ఆయన సరేనంటే వార్డెన్ గేటు తీస్తుంది. ప్రతి పిల్లదీ ఫోటో, ఫోన్ నంబరు, తండ్రి పేరు, ఊరు అందులో ఉంటాయి.

"పైన సామి పటం ఉండాలప్పా. ఆయన్ని చూసినాకనే ఎవరైనా లోపలికి పోవాల" అన్నారు. పసుపు అంచు, హాస్టల్ పేరు, దాని మీద స్వామి. మంచిరోజు చూసి కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టి, కీబోర్డు మీటలకు పసుపు రాసి మొదలుపెట్టించారు. పసుపు పోవడానికి వార్డెనమ్మకు రెండు రోజులు పట్టింది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. అసలు ఫైళ్ళను ముట్టకుండా, మన బొమ్మలూ రంగులూ పక్కన వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. అప్పుడు రాసినవాళ్ళు లోపాలు సరిచేసి కొత్త అప్‌డేట్ పంపినా మనవి అలాగే ఉంటాయి. దానికి ఒక పూట పడుతుంది. నేను అసలు ఫైళ్ళలోనే దిద్దేశాను. గంటలో అయిపోయింది, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

రెండు నెలలకు మొదటి అప్‌డేట్ వచ్చి, నా దిద్దుళ్ళన్నీ తుడిచేసి పోయింది. పొద్దున ఆరింటికి పెద్దాయన ఫోను.

"ఏమప్పా, సామి యాడికి పోయినాడు?"

ఆయన స్నానం చేసి, పూజ ముగించి పేజీ తెరిస్తే పటం లేదు. దాని స్థానంలో ఏదో నీలిరంగు గుర్తు, నోరు తిరగని పేరు. ఆరోజు ఏకాదశి కూడానట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆయన కుర్చీలో చెమటలు పట్టి కూర్చున్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఏం కీడు రాబోతాందో" అన్నారు మెల్లగా. పటం మళ్ళీ పెట్టాక నా చేతే దీపం పెట్టించి, చెంపలు వేయించారు. "ఇంకోసారి సామి కదలకూడదు" అన్నారు.

ఆ సాయంత్రమే నేను పద్ధతిగా ఆ ఒక్క పూట పని చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. అప్‌డేట్లే రాకుండా ఆపేశాను. అంతటితో ఆగానా? కొత్త అప్‌డేట్ ఉంది, వెంటనే వేసుకోండి అని పైన ఎర్రగా ఒక గీత వస్తుంది. పెద్దాయన చూసి మళ్ళీ హడలిపోతారని దాన్నీ కనబడకుండా చేశాను. పేజీ చూడముచ్చటగా ఉండింది. తర్వాత దాన్ని ఇంకో ఇద్దరికి చూపించి పనులు కూడా తెచ్చుకున్నాను.

ఆ చలికాలంలో హాస్టల్ పిల్లల్లో అయిదారుగురికి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ళ గేటు పాసు ఫోటోలూ నంబర్లూ ఏదో పాడు గ్రూపులో తిరుగుతున్నాయి, కింద నోటితో అనలేని మాటలతో. అందులో ఒక పిల్లది సత్యవేడు అవతల పల్లె. డిగ్రీ ఆఖరి ఏడు. ఆ ఫోటో వాళ్ళ ఊళ్ళోనే ఎవరో తండ్రికి చూపించారు. ఆయన మొదటి బస్సుకే వచ్చేశాడు.

పెద్దాయన పిలిస్తే వెళ్ళి చూశాను. అర్ధగంటలో నాకు తెలిసిపోయింది. ఎవడో సర్వర్‌లో దూరి మొత్తం ఎత్తుకుపోయాడు. వాడు దూరిన కంతను, రాసినవాళ్ళు ఎప్పుడో పూడ్చి అప్‌డేట్ పంపారు. నేను ఆపిన అప్‌డేట్లలో అదొకటి.

"మన పేజీలోంచి పోయినాయా?" అని పెద్దాయన అడిగారు.

నా మిగతా గిరాకీలన్నీ కళ్ళముందు తిరిగాయి. "మనది గట్టిగా ఉంది సార్. ఈ కాలం పిల్లలు, ఎవరెవరికో ఫోటోలు పంపుకుంటారు" అన్నాను.

ఆ మాటనే ఆయన వరండాలో నిలబడ్డ తండ్రికి చెప్పారు. నేను లోపల కంప్యూటర్ ముందే ఉన్నాను. ఆ పిల్ల "నేను ఇయ్యలేదు నాయనా" అనడం వినబడింది. తర్వాత పెట్టె ఈడుస్తున్న చప్పుడు. ఆ మధ్యాహ్నమే తలుపేసుకుని అప్‌డేట్లన్నీ వేసి, స్వామినీ పసుపు అంచునూ వేరే ఫోల్డర్‌లోకి మార్చాను. సరిగ్గా ఒక పూట పట్టింది.

తర్వాత మూడు నెలలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని మా నాయన ఊరందరికీ చెప్పేవాడు, ఇంట్లో నాకెక్కలేదు. ఒకరోజు పెద్దాయన ఫోన్ చేసి, "ఆ సత్యవేడు పిల్ల పేరు తీసెయ్యప్పా, ఇంక రాదంట. పరీక్షలు గూడా రాయలేదు" అన్నారు. పేజీ తెరిచాను. ఫోటోలో ఆ పిల్ల రెండు జడలు వేసుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు ఉంది. తీసెయ్యాలా అని పేజీ అడిగింది. నా వల్ల కాలేదు.

మర్నాడు సత్యవేడు బస్సెక్కాను. బస్సులోంచే పెద్దాయనకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. "ఆ తండ్రికి నా నోటితోనే కదప్పా చెప్పించినావు" అని ఫోన్ పెట్టేశారు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అడిగిన ప్రతివాడూ నన్ను ఎగాదిగా చూసి మరీ దారి చెప్పాడు. తండ్రి పశువుల కొట్టం ముందు, కాయలు దులిపిన శనక్కట్టెను మేతకని మేటు వేస్తున్నాడు.

"ఎవురప్పా నువ్వు?"

చెప్పాను. కంత గురించి, అప్‌డేట్ గురించి ఆయనకు తెలిసేలా చెప్పడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. "మీ ఇంటి తలుపుకు గడియ పాడైందని, చేసినవాళ్ళే కొత్త గడియ పంపించారనుకోండి. నేను బిగించలేదు. దొంగ వచ్చిపోయాడు. నేను ఆ నెపం మీ అమ్మాయి మీద పెట్టేశాను" అన్నాను.

ఆయన చేతిలోని మేత కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, దానికి సిద్ధపడే పోయాను.

"కొట్టినానప్పా" అన్నాడు. "నా తల మింద సెయ్యి బెట్టి ఒట్టేసింది. అయినా కొట్టినాను. ఫోను పగలగొట్టినాను. వాళ్ళమ్మను గూడా పిల్లతో మాట్లాడనీలేదు." ఇంకా ఏదో అనబోయి లోపలికి చూశాడు. "నాకు సెప్పి ఏం లాబం. దానికి సెప్పు."

ఆ అమ్మాయి అప్పటికే గడపలో నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ లోటా. వచ్చినవాళ్ళెవరికైనా మజ్జిగ ఇవ్వాలి కదా, తెచ్చింది. ఫోటోలో కంటే చిక్కిపోయింది. నేను ఆ అమ్మాయి వైపు తిరిగి, అమ్మా, తప్పు నీది కాదు, నాది అని మొదలుపెట్టాను.

"నేను ఇయ్యలేదని నాకు తెలుసు సార్. నాకెందుకు చెప్తారు?" అంది.

గొంతులో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. లోటా నా చేతికిచ్చింది. తండ్రి వైపు చూడలేదు. నన్నే చూస్తూ అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వెతుక్కున్నాను. నిన్ననే అనొచ్చు, పోయిన వారం అనొచ్చు.

"మా నాయన వరండాలో ఉన్నప్పుడే తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాను.