గంగాభవాని నిప్పుల మొక్కు

గంగాభవాని పట్టిన కుందేలుకి మూడే కాళ్లని రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో అందరికీ తెలుసు. ఆమె పెనిమిటి నూకయ్యకి మరీ బాగా తెలుసు. రైల్వే వర్క్‌షాపులో ఎంత మొండి బోల్టునైనా తిప్పే ఫిట్టరు, ఇంట్లో భార్య మాట మాత్రం ఏనాడూ తిప్పలేకపోయాడు.

ఆ నూకయ్యకే కిందటేడు పచ్చకామెర్లు ముదిరి, మనిషి మంచానికి అంటుకుపోయాడు. "ఈ మడిసి లేసి తిరిగితే, తల్లీ, నీ పండక్కి నిప్పుల మీద నడుస్తాను" అని మొక్కేసింది గంగాభవాని. నూకయ్య లేచాడు, డ్యూటీ ఎక్కాడు, చేపల పులుసు కోసం పేచీ కూడా మొదలెట్టాడు. ఇక మిగిలింది మొక్కే.

తీరా అమ్మవారి పండగ దగ్గరపడేసరికి, వానచుక్క లేక నేలంతా ఎండి వరుగైంది. గడ్డి అంటుకుంటే ఆపేవాళ్లుండరని, ఆరుబయట ఎక్కడా మంట పెట్టకూడదని మైకులో చాటారు. పండగ చేయించే పెద్ద నగరేశ్వరరావు. బజార్లో పూజసామాన్ల కొట్టు ఆయనది. "ఈ ఏడు గుండం లేదమ్మా, వచ్చే ఏడు నడుద్దువుగాని" అనేశాడు.

"తల్లితోటి వాయిదాలేటి బాబూ? మా ఆయన్ని వచ్చే ఏడు లేపుతానని ఆయమ్మ అన్నాదేటి?"

గంగాభవాని దగ్గర ఒక ఉపాయం ఉంది. కొరివితో తల గోక్కోవడమంటే అదే, కానీ చెప్పేదెవరు? కాలనీలో పాలు పోసే, తెలుగు అంతగా రాని ఝర్నాది ఊరి బయట సాలువా దగ్గర పల్లె. ఆమె ఇంటి వెనక కోత అయిపోయిన చేను ఖాళీగా పడి ఉంది. అక్కడ గుండం పెట్టుకుంటానంటే ఝర్నా ముందు ఒప్పుకోలేదు. గాలి ఎక్కువగా ఉంది దీదీ, నా ఆవులకి ఆ గడ్డివాము ఒక్కటే దిక్కు అని హిందీలో బతిమాలింది. "చిన్న గుండమే, ఠీక్ హై?" అంటూ గంగాభవాని ఆమె నోరు మూయించింది.

పండగనాడు నూకయ్య చింతకట్టెలు కాల్చి, చేలో తవ్విన గుండంలో నిప్పులు పరిచాడు. పక్కన రెండు కుండల్లో పసుపునీళ్లు, వేపమండలు. కాలనీలో అయితే జనం తొక్కి తొక్కి బోడిగా మారిన మైదానంలో గుండం తవ్వుతారు. ఇక్కడ చుట్టూ ఎండుగడ్డి ఉందన్న ధ్యాసే ఇద్దరికీ రాలేదు. ఆనవాయితీ తప్పకూడదని నూకయ్య గుప్పెడు సాంబ్రాణి పొడి చల్లి, చేటతో విసిరాడు. భగ్గుమంది. రవ్వలు గాలికి లేచి గడ్డిలో పడ్డాయి. మంట పాక్కుంటూ గడ్డివాము వైపు మళ్లింది.

ఝర్నా కేక పెట్టింది. గంగాభవానికి ఇక మొక్కూ లేదు, గుండమూ లేదు. ఒక కుండ చంకనెత్తుకుని, అంటుకున్న గడ్డిలోంచే ఉత్తకాళ్లతో పరుగెత్తింది. వాము అడుగున నీళ్లు కుమ్మరించి, వేపమండలతో బాదింది. ఝర్నా తడి గోనెలు తెచ్చింది, నూకయ్య చేటతో మట్టి పోశాడు. ముగ్గురూ కలబడితే చివరికి మంట చచ్చింది. వాము ఒక పక్క కమిలింది గానీ నిలబడింది.

అరికాళ్లు చురచురమంటున్నాయని అప్పుడు తెలిసింది ఆమెకి. అంతకంటే సిగ్గు ఎక్కువైంది. ఝర్నా చేతులు పట్టుకుని, "నాది బుద్ధి తక్కువ పని, మాఫ్ కరో" అని ఏడ్చేసింది. ఝర్నా తిట్టాల్సినన్ని తిట్టి, బోరు నీళ్లు తెచ్చి ఆమె కాళ్ల మీద పోసింది.

గుండంలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నూకయ్య వాటిని చూసి నసిగాడు.

"మరి మొక్కు అలాగుండిపోనాది గదే. ఒక్కపాలి నడిసేస్తావేటి?"

గంగాభవాని కాలిన గడ్డికేసి చూసింది. ఈ చివర నుంచి వాము దాకా నల్లటి మసిలో వరసగా ఆమె అడుగులే ఉన్నాయి.

"ఇందాకంతా నాను నడిసింది పూల మీదనుకున్నావేటి?" అని, రెండో కుండ ఎత్తి పసుపునీళ్లన్నీ గుండంలో కుమ్మరించేసింది.